ఆపరేషన్‌లో గామా ప్రోబ్‌తో సెంటినెల్ గ్రంథిని వెతకడం ఎలా?

రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ చేసేటప్పుడు చంకలోని లింఫ్ గ్రంథులన్నిటినీ తీసివేయడం ఒకప్పుడు మామూలు పద్ధతి. ప్రాణం దక్కినా చేయి వాచిపోయి, భుజం పట్టేసి, చిన్న బరువు కూడా ఎత్తలేక ఇబ్బందిపడిన స్త్రీలు ఎందరో. ఇప్పుడు చాలామందికి ఆ అవసరం లేదు. కణితి నుంచి లింఫ్ ద్రవం మొదట వెళ్లి చేరే గ్రంథిని, అంటే సెంటినెల్ గ్రంథిని, తీసి పరీక్షిస్తాం. అందులో క్యాన్సర్ లేకపోతే మిగతావాటి జోలికి వెళ్లం. 5,611 మంది స్త్రీలతో జరిగిన ఎన్‌ఎస్‌ఏబీపీ బీ-32 అధ్యయనం ఫలితాలు 2010లో వచ్చాయి. సెంటినెల్ గ్రంథి శుభ్రంగా ఉన్నవారిలో మిగతా గ్రంథులు తీసినా, తీయకపోయినా ఆయుర్దాయంలో తేడా కనిపించలేదు.

అయితే ఆ గ్రంథి కంటికి ప్రత్యేకంగా కనిపించదు. చంకలోని కొవ్వులో మిగతా గ్రంథుల మధ్య దాగి ఉంటుంది. అందుకే ఆపరేషన్‌కు ముందు కణితి దగ్గర కొద్దిగా రేడియోధార్మిక మందు, అంటే ట్రేసర్, ఇస్తారు. అది లింఫ్ వెంట ఆ గ్రంథికి చేరి గామా కిరణాలు వెలువరిస్తుంది. వాటి ఆధారంగా దాన్ని పట్టి ఇచ్చేది చేతిలో ఇమిడే గామా ప్రోబ్. ఈ వ్యాసం దాన్ని కొత్తగా చేతపట్టే యువ సర్జన్ల కోసం, వారి పక్కన నిలబడే థియేటర్ నర్సులు, టెక్నీషియన్ల కోసం. మీ ఆసుపత్రి నియమాలూ, మీ ప్రోబ్ తయారీదారు ఇచ్చిన పుస్తకమూ ఎప్పుడూ ముందు. ఇక్కడ చెప్పేది వాటికి తోడు.

మొదలుపెట్టే ముందే ఒక సంగతి మనసులో నాటుకోవాలి. ప్రోబ్ గ్రంథిని గుర్తుపట్టదు. తన ముక్కు ముందు ఎన్ని గామా కిరణాలు వస్తున్నాయో లెక్కపెట్టి, అంకెగా, శబ్దంగా చెబుతుంది, అంతే. ఆ లెక్క ఎక్కువా తక్కువా అనేది పక్క చోటుతో, ముందటి లెక్కతో పోల్చినప్పుడే తెలుస్తుంది. ఇకమీద చెప్పబోయే ప్రతి మెట్టూ ఏదో ఒక పోలికే.

పరికరం లోపల ఏముంది?

ప్రోబ్ కొనలో ఒక చిన్న స్ఫటికం ఉంటుంది. అది రెండు రకాలు. సీసియం అయొడైడ్, సోడియం అయొడైడ్ వంటివి గామా కిరణం తాకగానే మెరుస్తాయి. ఆ మెరుపును విద్యుత్ సంకేతంగా మారుస్తారు. కాడ్మియం టెల్యురైడ్, కాడ్మియం జింక్ టెల్యురైడ్ వంటి అర్ధవాహకాలు కిరణాన్ని నేరుగా విద్యుత్తుగా మార్చేస్తాయి. మెరిసే స్ఫటికాలు సాధారణంగా ఎక్కువ కిరణాలను పట్టుకుంటాయి. అర్ధవాహకాలు కిరణాల శక్తిని మరింత కచ్చితంగా వేరుచేసి చెబుతాయి. మీ చేతిలో ఉన్నది ఏ రకమో తెలుసుకుని ఉండండి. మంచి సర్జన్ రెండింటితోనూ పని చేసుకోగలడు.

స్ఫటికం చుట్టూ టంగ్‌స్టన్ లేదా సీసం వంటి బరువైన లోహపు కవచం ఉంటుంది. పక్కల నుంచి వచ్చే కిరణాలను అది ఆపుతుంది. అందువల్ల ప్రోబ్ ఎటు చూస్తే అటువైపు లెక్కే వస్తుంది. కొందరు ప్రోబ్ కొనకు తొడిగే అదనపు కాలిమేటర్ కూడా ఇస్తారు. దాన్ని తొడిగితే చూపు ఇరుకవుతుంది, కౌంట్లు తగ్గుతాయి. వెతికేటప్పుడు తీసి ఉంచండి, దగ్గర దగ్గరగా ఉన్న రెండు చోట్లను విడదీయాల్సి వచ్చినప్పుడు తొడగండి.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1949లోనే సెల్వర్‌స్టోన్, స్వీట్, రాబిన్సన్ మెదడు కణితుల ఆపరేషన్లలో రేడియోధార్మిక భాస్వరాన్ని ఇచ్చి, గైగర్ గొట్టంతో కణితి అంచులు వెతికారు. భాస్వరం-32 విడుదల చేసే బీటా కణాలు కణజాలంలో కొన్ని మిల్లీమీటర్లకు మించి పోలేవు కాబట్టి గొట్టం కణితిని దాదాపు తాకాల్సి వచ్చేది. గామా కిరణాలు అలా కాదు. మనం ట్రేసర్‌గా వాడే టెక్నీషియం-99ఎమ్ అనే రేడియోధార్మిక పదార్థపు కిరణాల శక్తి 140 కిలో ఎలక్ట్రాన్‌వోల్టులు. వాటిలో సగం ఆగిపోవాలంటే దాదాపు నాలుగున్నర సెంటీమీటర్ల మెత్తటి కణజాలం అడ్డుండాలి. అందుకే చర్మం పైనుంచే చంక లోతుల్లోని గ్రంథి తన ఉనికి చెప్పగలదు. 1993లో క్రాగ్ బృందం రొమ్ము క్యాన్సర్‌లో ఈ ప్రోబ్‌తో సెంటినెల్ గ్రంథిని వెతికి చూపించాక ఇది థియేటర్లలో స్థిరపడింది.

మొదటి మెట్టు: ఇంజెక్షన్ లెక్క అడగండి

ట్రేసర్ ఇచ్చేది న్యూక్లియర్ మెడిసిన్ విభాగం. సర్జన్‌కు దాంతో పని లేదనుకోకండి. ఎంత ఇచ్చారు, ఎక్కడ ఇచ్చారు, ఎన్ని గంటలకు ఇచ్చారు అనే మూడు ప్రశ్నలకూ జవాబు కాగితం మీద ఉండాలి. టెక్నీషియం-99ఎమ్ అర్ధాయువు 6 గంటలు. ఉదయం ఇచ్చి 6 గంటల తర్వాత కోత పెడితే సగం మిగులుతుంది. ముందురోజు మధ్యాహ్నం ఇచ్చి 18 గంటల తర్వాత పెడితే ఎనిమిదో వంతు, 24 గంటలైతే పదహారో వంతు. ఈ కారణంగానే అదే రోజు ఆపరేషన్‌కు సాధారణంగా 5 నుంచి 30 మెగాబెక్వెరెల్‌లు (రేడియోధార్మికత కొలమానం) చాలితే, మర్నాటి ఆపరేషన్‌కు 150 వరకు ఇస్తారు. ఆపరేషన్ వాయిదా పడితే థియేటర్ నుంచి న్యూక్లియర్ మెడిసిన్‌కు ఫోన్ చేయడం మరవద్దు. ఆ ఒక్క ఫోన్ చేయకపోతే మర్నాడు మీరు వెతికేది మిగిలిన పదహారో వంతునే కావచ్చు.

ఇచ్చిన మందులో ఎక్కువ భాగం ఇంజెక్షన్ చోటే ఉండిపోతుంది. గ్రంథికి చేరేది కొద్ది శాతమే. ఆ నిష్పత్తి గుర్తుంటే తర్వాత వచ్చే చిక్కులు చాలా వరకు ముందే అర్థమవుతాయి.

ఇంజెక్షన్ తర్వాత తీసిన లింఫ్ చిత్రాలుంటే వాటిని ఆపరేషన్‌కు ముందు మీరే చూడండి. ఎన్ని గ్రంథులు కనిపిస్తున్నాయి, చంకలో మాత్రమేనా, రొమ్ము ఎముక పక్కన కూడా ఉన్నాయా? మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌లో ఇది మరీ ముఖ్యం. నడుము దగ్గరి మచ్చ నుంచి ద్రవం చంకకూ పోవచ్చు, గజ్జకూ పోవచ్చు, రెండింటికీ పోవచ్చు. చిత్రం చూడకుండా ప్రోబ్ పట్టుకుంటే సగం శరీరం వెతకాలి.

రెండో మెట్టు: ఉదయాన్నే ప్రోబ్‌ను పరీక్షించండి

రోగిని లోపలికి తీసుకురాకముందే ఈ పని అయిపోవాలి. బ్యాటరీ నిండుగా ఉందా, తీగ ఉంటే ఎక్కడైనా నలిగిందా, తీగ లేనిదైతే యంత్రంతో జత కుదిరిందా చూడండి. తర్వాత ఐసోటోపు, అంటే వాడే రేడియోధార్మిక పదార్థం, ఎంపిక. చాలా యంత్రాల్లో టెక్నీషియం, అయొడిన్-125 వంటి వాటికి వేర్వేరు అమరికలుంటాయి. నిన్న మరొకరు వేరే ఆపరేషన్‌కు మార్చిన అమరిక ఈ రోజు అలాగే ఉండిపోవచ్చు.

ఆ తర్వాత కోబాల్ట్-57 పరీక్షా మూలాన్ని ప్రోబ్ ముందు పెట్టి లెక్క తీయండి. దాని కిరణాల శక్తి 122 కిలో ఎలక్ట్రాన్‌వోల్టులు, టెక్నీషియానికి దగ్గరే. రోజూ ఒకే స్టాండులో, ఒకే దూరంలో పెట్టాలి. చేత్తో పట్టుకుని తీసిన లెక్కకు విలువ లేదు. కోబాల్ట్-57 అర్ధాయువు సుమారు 272 రోజులు కాబట్టి నెలకు 7 శాతం చొప్పున లెక్క సహజంగానే తగ్గుతుంది. ఆ తగ్గుదల కలిపి చూశాక కూడా ఎదురుచూసిన అంకెకు 10 శాతం కన్నా ఎక్కువ తేడా ఉంటే నేను ఆ ప్రోబ్‌ను థియేటర్‌లోకి రానివ్వను. స్ఫటికం చాలా సున్నితమైనది. ఒక్కసారి నేల మీద పడినా లోపల పగిలి ఉండవచ్చు, పైకి గీత కూడా కనిపించదు. ఈ పరీక్ష చేయకపోతే ఆ సంగతి రోగి చంక తెరిచాక తెలుస్తుంది.

మూడో మెట్టు: తొడుగు

స్టెరైల్ తొడుగు వేసేటప్పుడు కొన దగ్గర ముడతలు, గాలి లేకుండా బిగుతుగా లాగి కట్టండి. ప్రోబ్‌ను ఆటోక్లేవ్‌లో పెట్టవచ్చని తయారీదారు రాతపూర్వకంగా చెప్పకపోతే పెట్టవద్దు. వేడి చాలా స్ఫటికాలను పాడుచేస్తుంది. తొడుగు చిరిగితే ఆపరేషన్ మధ్యలోనైనా మార్చాల్సిందే, రెండోది సిద్ధంగా ఉంచుకోండి.

నాలుగో మెట్టు: కోతకు ముందు చర్మం మీద వెతకండి

కొత్తవారు ఎక్కువగా తొందరపడేది ఇక్కడే. నాకు మాత్రం మొత్తం పనిలో అతి విలువైన నిమిషాలు ఇవి.

రోగిని ఆపరేషన్ భంగిమలో పడుకోబెట్టి, చేయి పక్కకు చాచాక వెతకండి. చేయి కిందికి ఉన్నప్పుడు పెట్టిన గుర్తు చేయి చాచాక కొన్ని సెంటీమీటర్లు జరిగిపోతుంది. చిత్రాలు తీసే గదిలో చర్మంపై పెట్టిన గుర్తును కూడా అందుకే మళ్లీ సరిచూసుకోవాలి.

ముందుగా నేపథ్య లెక్క తీయండి. ఇంజెక్షన్ చోటికి దూరంగా, ఉదాహరణకు అవతలి భుజం మీద, ప్రోబ్‌ను పది సెకన్లు ఆనించి ఉంచండి. ఆ అంకెను నర్సు బోర్డు మీద రాయాలి. తర్వాత ఇంజెక్షన్ చోటు మీద ఒకసారి పెట్టి ప్రోబ్ పనిచేస్తోందని రూఢి చేసుకుని, వెంటనే అక్కడి నుంచి తీసేయండి. అక్కడి లెక్క అంత ఎక్కువగా ఉంటే కొన్ని యంత్రాలు లెక్కపెట్టలేక తక్కువ అంకె కూడా చూపించవచ్చు.

ఇప్పుడు చంక. ప్రోబ్‌ను చర్మానికి నిలువుగా, తేలికగా ఆనించి, సెకనుకు ఒక సెంటీమీటరు కన్నా వేగంగా జరపకుండా, వరుసలు వరుసలుగా కదపండి. యంత్రం ఒక క్షణం వెనక నుంచి లెక్కిస్తుంది. మీరు వేగంగా జరిగిపోతే శబ్దం పెరిగే సరికి చెయ్యి గ్రంథిని దాటి పోయి ఉంటుంది. శబ్దం ఎక్కడ పెరిగిందో అక్కడికి తిరిగి వచ్చి, అటూ ఇటూ, పైకీ కిందికీ జరిపి శిఖరాన్ని పట్టుకోండి. ఆ తర్వాత ప్రోబ్ కొనను అక్కడే ఉంచి వెనక భాగాన్ని వంచుతూ ఏ కోణంలో లెక్క ఎక్కువ వస్తుందో చూడండి. మరో చోటి నుంచి కూడా అలాగే గురిపెట్టండి. ఆ రెండు గీతలూ లోపల ఎక్కడ కలుస్తాయో అక్కడ గ్రంథి ఉంటుంది. చర్మం మీద చుక్క పెట్టండి, కోత దాని మీదుగా వచ్చేలా గీయండి. చిన్న కోతతోనే పని కావాలంటే ఈ చుక్క సరైన చోట ఉండాలి.

అంకెలను ఎంతవరకు నమ్మాలి అన్నది కూడా ఇక్కడే తెలుసుకోవాలి. రేడియోధార్మిక క్షయం యాదృచ్ఛికం. 100 కౌంట్లు వచ్చాయంటే దాదాపు 10 అటూ ఇటూ ఊగడం సహజం, అంటే 10 శాతం. 10,000 కౌంట్లలో ఆ ఊగిసలాట 1 శాతమే. సెకను సెకనుకూ తెరపై మారే చిన్న అంకెలను చూసి నిర్ణయాలు చేయకండి. సందేహం ఉన్న ప్రతి చోటా ప్రోబ్‌ను కదలకుండా పట్టుకుని పది సెకన్ల లెక్క తీయండి.

ఐదో మెట్టు: ఇంజెక్షన్ వెలుగును తప్పించుకోండి

కణితి రొమ్ము పైభాగంలో, చంకకు దగ్గరగా ఉంటే ప్రోబ్ ఎటు తిప్పినా లెక్క ఎక్కువే వస్తుంది. ఎదురుగా వచ్చే లారీ దీపాల వెలుగులో రోడ్డు పక్కన నడిచే మనిషి చేతిలోని లాంతరు కనిపించనట్టే, ఇంజెక్షన్ చోటి నుంచి వచ్చే కిరణాలు గ్రంథి కిరణాలను ముంచేస్తాయి. కవచం పక్కలను ఆపుతుంది కానీ పూర్తిగా ఆపలేదు. పైగా కణజాలంలో తాకి దారి మళ్లిన కిరణాలు ఎటు నుంచైనా వచ్చి పడతాయి.

దీనికి చాలా ఉపాయాలున్నాయి, ఒక్కటీ కష్టం కాదు. ప్రోబ్ వీపు ఎప్పుడూ ఇంజెక్షన్ వైపు, ముక్కు దానికి ఎదురు దిక్కుకు ఉండాలి. సహాయకుడు రొమ్మును అవతలి వైపుకు లాగి పట్టుకుంటే మధ్య దూరం పెరుగుతుంది. కిరణాల తీవ్రత దూరపు వర్గానికి విలోమంగా తగ్గుతుంది కాబట్టి కొద్దిపాటి దూరం కూడా చాలా మేలు చేస్తుంది. దారి మళ్లిన కిరణాలు శక్తిని కోల్పోతాయి కాబట్టి యంత్రంలో శక్తి హద్దులు మార్చుకునే వీలుంటే కింది హద్దును పైకి జరపండి. 140కి అటూ ఇటూ 10 శాతం, అంటే 126 నుంచి 154 వరకు ఉంచడం అలవాటైన పద్ధతి. ఇవేవీ చాలకపోతే ముందు కణితిని తీసేసి, దానితో పాటు ఇంజెక్షన్ చోటునూ తొలగించి, ఆ తర్వాత చంకలో వెతకండి. వరుస మార్చడానికి సంకోచించనక్కర్లేదు.

ఆరో మెట్టు: కోత తర్వాత

చర్మం, కొవ్వు విడదీసి చంక లోపలి పొర తెరిచాక ప్రోబ్‌ను గాయంలోకి దించండి. నాలుగు సెంటీమీటర్ల దూరం రెండుకు తగ్గితే లెక్క నాలుగు రెట్లవుతుంది. అందుకే లోపలికి వెళ్లే కొద్దీ శబ్దం తీవ్రంగా పెరుగుతుంది. సరైన దారిలో ఉన్నారనడానికి అదే గుర్తు. లోపలికి వెళ్తున్నా లెక్క పెరగకపోతే ఆగండి. మీరు తప్పు గీత మీద ఉన్నారు. ప్రోబ్‌ను మళ్లీ నాలుగు దిక్కులా తిప్పి చూసి, ఎక్కువ వచ్చిన వైపే ముందుకు సాగండి.

కొంచెం విడదీయడం, ప్రోబ్ పెట్టి వినడం, మళ్లీ విడదీయడం. ఈ లయ అలవాటు కావాలి. కాటరీ (కణజాలాన్ని విద్యుత్తుతో కాల్చే సాధనం) నొక్కినప్పుడు కొన్ని ప్రోబ్‌లు అబద్ధపు కౌంట్లు ఇస్తాయి, కాటరీ ఆగాకే వినండి. యంత్రం శబ్దాన్ని అందరికీ వినిపించేలా పెట్టండి, ఆ సమయంలో థియేటర్‌లో మాటలు తగ్గించమని అడగండి. శబ్దం వల్ల మీ కళ్లు గాయం మీదనే ఉంటాయి. అంకె మాత్రం నర్సు చదవాలి.

లింఫ్ దారిని కంటికి చూపే నీలి రంగు ఇంజెక్షన్ కూడా వాడుతుంటే రెండు దారులూ కలిపి వాడండి. నీలి లింఫ్ నాళం కనిపిస్తే దాని వెంట వెళ్లి, ప్రోబ్‌తో ఖాయం చేసుకోండి. రంగు ఇచ్చాక పల్స్ ఆక్సీమీటర్ కొంతసేపు అసలు కన్నా తక్కువ ఆక్సిజన్ చూపించవచ్చు. అరుదుగా తీవ్రమైన అలర్జీ కూడా వస్తుంది. అనస్థీషియా వైద్యుడికి ముందే చెప్పి ఇంజెక్షన్ చేయాలి. ముందుగా కీమోథెరపీ తీసుకున్నవారిలో ఈ రెండు దారుల పద్ధతి, కనీసం మూడు గ్రంథులు తీయడం, తప్పు ఫలితాన్ని తగ్గిస్తాయి.

ఏడో మెట్టు: బయట లెక్క, లోపల లెక్క, 10 శాతం

గ్రంథిని తీశాక దాన్ని రోగి శరీరానికి దూరంగా పట్టుకోండి. ప్రోబ్ ముక్కు రోగి వైపు కాకుండా మరో వైపు ఉండాలి. గ్రంథిని కొనకు ఆనించి పది సెకన్ల లెక్క తీసి రాయించండి. బయట కూడా లెక్క ఎక్కువగా ఉంటేనే మీరు తీసింది వేడి గ్రంథి, అంటే ట్రేసర్ చేరిన గ్రంథి. లోపల మోగి బయట మోగకపోతే మీరు పక్కనున్న కొవ్వు తీశారు, అసలుది ఇంకా అక్కడే ఉంది.

తర్వాత ఖాళీ అయిన చోట ప్రోబ్ పెట్టండి. అన్నిటికన్నా ఎక్కువ లెక్క ఇచ్చిన గ్రంథిని కొలమానంగా తీసుకుని, దాని బయటి లెక్కలో పదో వంతు లేదా అంతకన్నా ఎక్కువ ఇచ్చే ప్రతి గ్రంథినీ తీయాలన్నది విస్తృతంగా పాటించే నియమం. ఒక ఉదాహరణ చూడండి. మొదటి గ్రంథి బయట సెకనుకు 2,000 కౌంట్లు ఇచ్చింది. హద్దు 200. తీసిన చోట ఇంకా 350 వస్తోంది. అయితే వెతుకులాట అయిపోలేదు. అక్కడే మరో గ్రంథి దొరికింది, బయట 260 ఇచ్చింది. అదీ సెంటినెల్ గ్రంథే. ఇప్పుడు గాయంలో 90 వస్తోంది. ఇక ఆపవచ్చు. ఒకవేళ రెండోదే 5,000 ఇచ్చి ఉంటే హద్దు 500కు మారుతుంది. అందుకే అంకెలన్నీ బోర్డు మీద కనిపిస్తూ ఉండాలి. జ్ఞాపకం మీద ఆధారపడకండి.

ఒక్కటి గట్టిగా చెబుతాను: ప్రోబ్ పక్కన పెట్టి, వేలితో చంక మొత్తం తడిమి చూడకుండా గాయం మూయవద్దు. క్యాన్సర్‌తో పూర్తిగా నిండిపోయిన గ్రంథిలోకి లింఫ్ ద్రవం వెళ్లలేదు, కాబట్టి ట్రేసర్ కూడా చేరదు. అది చల్లగా, నిశ్శబ్దంగా ఉంటుంది. అసలు జబ్బు ఉన్న గ్రంథే మోగకపోవచ్చు. గట్టిగా, గుండ్రంగా తగిలిన ప్రతి గ్రంథినీ లెక్కతో సంబంధం లేకుండా తీసి సెంటినెల్ గ్రంథులతో పాటు పంపండి.

ఏమీ మోగకపోతే?

ముందు ప్రోబ్‌ను ఇంజెక్షన్ చోటు మీద పెట్టండి. అక్కడ కూడా మోగకపోతే తప్పు పరికరానిది: ఐసోటోపు అమరిక, బ్యాటరీ, తీగ వరుసగా చూడండి. అక్కడ మోగితే పరికరం బాగానే ఉంది, ట్రేసర్ గ్రంథికి చేరలేదు. ఇంజెక్షన్ చోటును కొన్ని నిమిషాలు మర్దనా చేసి వేచి చూడండి. మీ పద్ధతిలో ఉంటే నీలి రంగు ఇవ్వండి. అప్పటికీ దొరకకపోతే ఏం చేయాలన్నది థియేటర్‌లో అప్పటికప్పుడు తేల్చే విషయం కాదు. సెంటినెల్ గ్రంథి దొరకని పక్షంలో ఎంతవరకు తీస్తామో ఆపరేషన్‌కు ముందే రోగితో మాట్లాడి, అంగీకార పత్రంలో రాసి ఉంచాలి.

ఇతర ఆపరేషన్లలో

పారాథైరాయిడ్ ఆపరేషన్‌లో ఆ గ్రంథి పట్టుకునే టెక్నీషియం సెస్టామిబి అనే మందు ఇచ్చి, కొన్ని గంటల్లోపే కోత పెడతారు. థైరాయిడ్ కూడా కొంత మందును పట్టుకుంటుంది కాబట్టి లోపలి లెక్క తికమక పెడుతుంది. ఇక్కడ ఎక్కువగా ఉపయోగపడేది బయటి లెక్క. తీసిన గ్రంథి లెక్క మెడ నేపథ్య లెక్కలో 20 శాతం దాటితే అది అడినోమా, అంటే పారాథైరాయిడ్ కణితి, అని చెప్పవచ్చు. కొవ్వు గానీ, మామూలు లింఫ్ గ్రంథి గానీ అంత లెక్క ఇవ్వవు.

చేతికి తగలని చిన్న రొమ్ము కణితిలో అయొడిన్-125 విత్తనం ఉంచి, ప్రోబ్‌తో వెతికి తీసే పద్ధతి మరొకటి. ఆ విత్తనం పొడవు దాదాపు నాలుగున్నర మిల్లీమీటర్లు, పైన టైటానియం కవచం ఉంటుంది. అర్ధాయువు దాదాపు 60 రోజులు కాబట్టి కొన్ని రోజుల ముందే ఉంచవచ్చు. ఇందులో జాగ్రత్తలు వేరు. అయొడిన్ కిరణాల శక్తి సుమారు 27 నుంచి 35 కిలో ఎలక్ట్రాన్‌వోల్టులే. అదే రొమ్ములో టెక్నీషియం కూడా ఉంటే, దారి మళ్లి బలహీనపడిన దాని కిరణాలు అయొడిన్ లెక్కలో కలిసిపోతాయి. కాబట్టి అయొడిన్ అమరికలో వచ్చిన శబ్దమంతా విత్తనానిదే అనుకోకుండా రెండు అమరికలనూ మార్చి మార్చి చూసి పోల్చుకోండి. విత్తనం దగ్గర కత్తెర, కాటరీ వద్దు. కవచం చీలితే అయొడిన్ బయటపడి రోగి థైరాయిడ్‌కు చేరుతుంది. ముక్క బయటికి రాగానే అందులో లెక్క ఉందా, గాయంలో లేదా చూసి, ఎక్స్‌రేలో విత్తనం కంటికి కనిపించాకే ముందుకు వెళ్లండి. కనిపించకపోతే సక్షన్ ఆపండి. డబ్బా, గాజుగుడ్డలు, దుప్పట్లు ఏవీ గది దాటకూడదు. విత్తనం దొరికేవరకు ఎవరూ బయటికి వెళ్లరాదు.

ల్యాపరోస్కోపీకి సన్నని పొడవాటి ప్రోబ్‌లు, రోబో ఆపరేషన్లకు లోపల వదిలి రోబో చేత్తో పట్టుకునే తీగ ప్రోబ్‌లు వచ్చాయి. నియమాలు ఇవే. పెట్ స్కాన్‌లో వాడే ఫ్లోరిన్-18 కిరణాలు 511 కిలో ఎలక్ట్రాన్‌వోల్టులవి, మామూలు ప్రోబ్ కవచాన్ని దాటిపోతాయి. వాటికి బరువైన, వేరే ప్రోబ్ కావాలి.

మన భద్రత

సెంటినెల్ గ్రంథి ఆపరేషన్‌లో థియేటర్ సిబ్బందికి తగిలే వికిరణం ఒక్కో ఆపరేషన్‌కు మైక్రోసీవర్టుల్లో ఉంటుంది. సామాన్య ప్రజలకు ఏడాదికి పెట్టిన హద్దు ఒక మిల్లీసీవర్టు, అంటే వెయ్యి మైక్రోసీవర్టులు. సీసపు ఆప్రాన్ సాధారణంగా అవసరం పడదు. అయినా ఇంజెక్షన్ చోటును అకారణంగా చేత్తో పట్టుకుని ఉండటం మానండి, చేతులకే ఎక్కువ తగులుతుంది. గర్భిణులైన సిబ్బంది రేడియేషన్ భద్రతాధికారికి చెప్పి, ఆయన సలహా ప్రకారం నడుచుకోవాలి. ఈ మాట అడగడానికి నర్సులు మొహమాటపడకుండా చూడటం సర్జన్ బాధ్యత.

తీసిన ముక్కల డబ్బాలపై రేడియోధార్మిక గుర్తు, తేదీ, సమయం అంటించి పాథాలజీకి పంపండి. రక్తం అంటిన గాజుగుడ్డలను ప్రోబ్‌తో ఒకసారి చూసి, మోగినవాటిని విడిగా కట్టి ఉంచండి. పది అర్ధాయువులు, అంటే 60 గంటలు గడిస్తే మిగిలేది వెయ్యో వంతు. ఆ తర్వాత భద్రతాధికారి మళ్లీ కొలిచి మామూలు ఆసుపత్రి వ్యర్థాలతో పంపుతారు.

ఆపరేషన్ నివేదికలో ఇంజెక్షన్ సమయం, మోతాదు, నేపథ్య లెక్క, ప్రతి గ్రంథికీ లోపలి, బయటి లెక్కలు, చివరగా గాయంలో మిగిలిన లెక్క, చేతికి తగిలి తీసిన గ్రంథులు విడివిడిగా రాయండి. "సెంటినెల్ గ్రంథి తీయబడింది" అనే ఒక్క వాక్యం పాథాలజీ వైద్యుడికి గానీ, తర్వాత ఈ రోగిని చూసే వైద్యుడికి గానీ ఏమీ చెప్పదు. ప్రోబ్ కొనను తయారీదారు చెప్పిన ద్రావణంతో తుడిచి, తీగను బిగించి చుట్టకుండా వదులుగా పెట్టి, పెట్టెలో ఉంచే ముందు కోబాల్ట్ లెక్క మరోసారి తీయండి. ఆ అంకె పొద్దుటి అంకెతో కలవకపోతే సర్వీసు వారికి అప్పుడే ఫోన్ చేయండి. రేపటి జాబితాలో మొదటి పేరు ఎవరిదో వారికి ఆ ప్రోబ్ అవసరం ఉంటుంది.